పాత మోటారుతో గాలిమర కట్టేవారికి తలకిందుల సలహాలు

పాత మోటారును జనరేటరుగా వాడి గాలిమర కడతానని నోరు విప్పితే చాలు, అడగకుండానే సలహాలు వస్తాయి. పెద్ద మోటారు తెచ్చుకో, డాబా మీద పెట్టు, రెక్కలు ఎక్కువ బిగించు, గాలి ఎంత వస్తే అంతా పట్టు, ఇక కరెంటు బిల్లు ఉండదు. వినడానికి ఇవన్నీ సబబుగానే ఉంటాయి. పాటించి చూస్తే మాత్రం రెక్కలు తిరుగుతాయి గానీ బ్యాటరీ ఎక్కదు, లేదా మొదటి గాలివానకే రెక్క విరిగి పక్కింట్లో పడుతుంది.

ఇక్కడ చెప్పే పది సలహాలూ వాటికి సరిగ్గా ఎదురు. మొదటిసారి వింటే తప్పనిపిస్తాయి. ఇంట్లోవాళ్లూ, బజార్లో మెకానిక్కూ ఒప్పుకోకపోవచ్చు. అయినా వీటినే పాటించమని గట్టిగా చెబుతాను. ఎందుకో లెక్కతో సహా చూడండి.

1. మోటారు అన్నిటికన్నా చివర కొనండి

చాలామంది పాత సామాన్ల కొట్లో మోటారు చవగ్గా దొరికిందని పని మొదలుపెడతారు. ముందు చూసుకోవలసింది గాలి. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. రెండు మీటర్ల వ్యాసంతో తిరిగే రెక్కలు అనుకోండి. గాలి సెకనుకు 3 మీటర్ల వేగంతో వీస్తే ఆ వలయం గుండా పోయే శక్తి దాదాపు 50 వాట్లు. 6 మీటర్లయితే 400. 10 మీటర్లయితే 1,900కు దగ్గర. అదంతా మన చేతికి రాదు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు కాబట్టి ఎంత గొప్ప యంత్రమైనా 59.3 శాతానికి మించి తీసుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్కగట్టాడు. ఇంట్లో కట్టినది పాతిక శాతం ఇస్తే మంచి పనితనమే. అంటే 3 మీటర్ల గాలికి 12 వాట్లు, 6 మీటర్లకు 100 వాట్లు.

ఈ లెక్కలో మోటారు ఊసే లేదు చూడండి. ఉన్నవి గాలి, రెక్కల వ్యాసం, అంతే. అందుకే ముందు ఒక నోటుపుస్తకం, ఒక చిన్న జెండా సంపాదించుకోండి. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే సెకనుకు 2, 3 మీటర్లు. జెండా పూర్తిగా విచ్చుకుని ఎగిరితే నాలుగైదు మీటర్లు. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే 6 నుంచి 8. చిన్న చెట్లు మొత్తంగా ఊగితే 8 దాటినట్టు. నావికుల కోసం పుట్టిన బ్యూఫోర్ట్ కొలమానం చెప్పే గుర్తులివి. చేతిలో పట్టుకునే గాలి మీటరు దొరికితే ఇంకా మంచిది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం రాసి పెట్టండి.

అనంతపురం వైపు కొండల మీద పెద్ద గాలిమరలు ఉన్నాయి కదా, మా ఊళ్లోనూ గాలి ఉన్నట్టే అనుకోవద్దు. అవి గుట్టల నెత్తిన, ఎత్తయిన స్తంభాల మీద నిలబడ్డాయి. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ గాలి పటాలు కూడా 100, 120, 150 మీటర్ల ఎత్తుకు గీసినవి. మీ గొట్టం ఎత్తులో ఎంత వీస్తుందో మీ నోటుపుస్తకమే చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి జోరు చూసి మురిసిపోయి మిగతా నెలలు మరిచిపోతే లెక్క తప్పుతుంది.

2. హార్స్ పవర్ చూడకండి, నెమ్మదిగా తిరిగే మోటారు వెతకండి

మోటారు మీద రేకులో రెండు అంకెలు చూడండి: వోల్టులు, నిమిషానికి తిరిగే చుట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కో చుట్టుకు ఎంత వోల్టేజి వస్తుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మన పనికి అదే ప్రాణం.

రెండు మీటర్ల వ్యాసం ఉన్న మంచి రెక్కలు సెకనుకు 6 మీటర్ల గాలిలో నిమిషానికి దాదాపు 340 చుట్లు తిరుగుతాయి. ఎలక్ట్రిక్ స్కూటరు బొమ్మల్లో, చిన్న బండ్లలో వచ్చే 24 వోల్టుల, 2,650 చుట్ల మోటారును తెచ్చి దీనికి నేరుగా బిగిస్తే వచ్చేది 3 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగు ఎక్కాలంటే దాదాపు 14 కావాలి. అంత రావాలంటే ఆ రెక్కలు 1,500 చుట్లు తిరగాలి, అది జరిగే పని కాదు. అదే ట్రెడ్‌మిల్ నుంచి తీసిన 180 వోల్టుల, 4,000 చుట్ల మోటారైతే ఆ 340 చుట్లకే 15 వోల్టులు ఇస్తుంది. కాబట్టి ఎక్కువ వోల్టులు, తక్కువ చుట్లు రాసి ఉన్న మోటారే మీది.

పళ్ల చక్రాలో బెల్టో పెట్టి వేగం పెంచుకుందామంటారు. చిన్న గాలిలో వచ్చే పది పన్నెండు వాట్లలో సగం ఆ రాపిడికే పోతుంది. వీలైనంతవరకు రెక్కల్ని షాఫ్టుకు నేరుగా బిగించండి.

3. ఇంట్లో మూల పడేసిన మోటార్లలో చాలావాటిని అక్కడే ఉంచండి

పాత సీలింగ్ ఫ్యాను విప్పి గాలిమర చేయాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. మామూలు ఫ్యానులో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతం ఉండదు. లైను కరెంటు వచ్చినప్పుడే లోపల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఊరికే తిప్పితే వెలిగేది ఏమీ ఉండదు. నీళ్ల మోటారూ అంతే. కెపాసిటర్లు కట్టి ఇండక్షన్ మోటారు నుంచి కరెంటు తీసే పద్ధతి ఉన్నమాట నిజమే గానీ, దానికి నిలకడైన అధిక వేగం కావాలి, గాలి అది ఇవ్వదు. మిక్సీ మోటారులోనూ అయస్కాంతం లేదు. కారు ఆల్టర్నేటరుకు ముందు మనమే కొంత కరెంటు పోయాలి, పైగా నిమిషానికి వెయ్యి చుట్లు దాటితే గానీ అది పని మొదలుపెట్టదు.

పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ట్రెడ్‌మిల్ డీసీ మోటారు. బెల్టు లేకుండా డ్రమ్మును నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ వాషింగ్ మెషిన్ మోటారు. న్యూజిలాండ్‌లో ఫిషర్ అండ్ పైకెల్ వాషింగ్ మెషిన్ల నుంచి ఇలాంటివి తీసి ఎందరో గాలిమరలు కట్టుకున్నారు. లోపల గేర్లు లేని ఎలక్ట్రిక్ సైకిల్ చక్రం మోటారు. ఈమధ్య ఇళ్లలోకి వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్లలోనూ శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. సర్క్యూట్ బోర్డు కాలి పక్కన పడేసిన అలాంటి ఫ్యాను దొరికితే బోర్డు తీసేసి మూడు వైర్లు బయటికి లాగండి. అది ముప్పై వాట్ల సరుకు కాబట్టి మీటరు వ్యాసం రెక్కలతో సరిపెట్టుకోవాలి. రెండు ఎల్ఈడీ బల్బులు, ఒక ఫోను చార్జింగు వరకు అది చాలు.

కొట్టు ముందే పరీక్ష చేయండి. మోటారు వైర్ల కొసలు విడివిడిగా ఉంచి వేళ్లతో షాఫ్టు తిప్పండి. తర్వాత కొసలు ఒకదానికొకటి ఆనించి తిప్పండి. రెండోసారి షాఫ్టు ఒక్కసారిగా బరువెక్కి వేళ్లకు ఎదురొస్తే లోపల అయస్కాంతం, చుట్టలు బాగున్నట్టు. తేడా తెలియకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. వైర్లు విడిగా ఉన్నప్పుడు కూడా షాఫ్టు మెట్లు మెట్లుగా ఆగి ఆగి కదులుతుంటే ఆ మోటారు చిన్న గాలికి కదలదు. చివరగా డ్రిల్లింగ్ మిషను షాఫ్టుకు తగిలించి తిప్పుతూ మల్టీమీటరు చూడండి. మిషను 600 చుట్లు తిరిగినప్పుడు 24 వోల్టులు చూపితే, 340 చుట్లకు 14కు కాస్త అటూ ఇటూ వస్తుంది. దాన్ని తెచ్చుకోండి.

4. డాబా మీద పెట్టకండి

ఎత్తు కలిసొస్తుందని డాబా మీద బిగిస్తారు. గోడకు కొట్టుకున్న గాలి పైకి లేచి శ్లాబు అంచున సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో గాలిమర ఒకసారి ఇటు, ఒకసారి అటు మొహం తిప్పుతూ ఉంటుంది తప్ప నిలకడగా తిరగదు. అలా తిరిగిన ప్రతిసారీ రెక్కల మొదళ్ల మీద ఒత్తిడి పడుతుంది. మోటారు వణుకు శ్లాబులోకి దిగి రాత్రిపూట గదిలో హోరు పెడుతుంది.

ఇంటికి దూరంగా, చుట్టూ వంద మీటర్లలో ఉన్న చెట్టుకన్నా, మేడకన్నా కనీసం పది మీటర్లు ఎత్తుగా పెట్టండి. ఆటంకాలు లేని మైదానంలో సైతం స్తంభాన్ని 10 మీటర్ల నుంచి 20కి పెంచితే గాలి పదో వంతు పెరుగుతుంది, శక్తి మూడో వంతు పెరుగుతుంది. ఇళ్లూ చెట్లూ ఉన్నచోట లాభం ఇంకా ఎక్కువ. రెండో మోటారు కొనే డబ్బుతో మరో గొట్టం ముక్క కొనడం మేలు.

చోటు తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి: యంత్రాలు రాకముందు కళ్లం ఎక్కడ వేసేవాళ్లు, తూర్పార ఎక్కడ పట్టేవాళ్లు? గాలి వాటం తెలిసినవాళ్లు ఎంచుకున్న చోటది. ఆ తర్వాత అక్కడ ఇళ్లు లేచి ఉండకపోతే మీ స్తంభానికీ అదే తగిన చోటు.

5. రెక్కలు తగ్గించండి

1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన పెరట్లో 17 మీటర్ల వ్యాసం గల గాలిమర కట్టాడు. దానికి 144 రెక్కలు. ఇచ్చింది 12 కిలోవాట్లు. డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ 1891 నుంచి అస్కోవ్ అనే ఊళ్లో ప్రయోగాలు చేసి, కరెంటు తీయడానికి వేగంగా తిరిగే కొద్దిపాటి రెక్కలే మేలని తేల్చాడు. 1980ల్లో అదే దేశపు వెస్టాస్ కంపెనీ 17 మీటర్ల వ్యాసంతోనే, మూడే రెక్కలతో 75 కిలోవాట్ల యంత్రం చేసింది. మధ్యలో జనరేటర్లూ మెరుగయ్యాయి గానీ, రెక్కలు తగ్గడం వల్ల నష్టం రాలేదన్నది మాత్రం స్పష్టం.

ఎక్కువ రెక్కలుంటే బలంగా, నెమ్మదిగా తిరుగుతాయి. బావిలో నీళ్లు తోడడానికి అది మంచిది. మన మోటారుకు కావలసింది వేగం. అందుకే మూడు పెట్టండి. రెండు పెడితే గాలి దిశ మారి గాలిమర మొహం తిప్పినప్పుడల్లా కుదుపు వస్తుంది.

మూడింటినీ శ్రద్ధగా చేయండి. నార తిన్నగా ఉన్న తేలికైన చెక్క మంచిది. పీవీసీ గొట్టం కోసి చేసినవి నేర్చుకోవడానికి పనికొస్తాయి, ఎండకు పెళుసెక్కుతాయి కాబట్టి వాటిని చిన్న వ్యాసానికే పరిమితం చేయండి. రెక్క మొదట్లో వాలు ఎక్కువగా, కొసకు వచ్చేసరికి దాదాపు చదునుగా ఉండాలి. బిగించాక రెక్కల చక్రాన్ని గాలి లేని గదిలో వేలాడదీసి తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వచ్చి ఆగితే అది బరువెక్కువ. ఆ రెక్క వెనకవైపు కాస్త చిత్రిక పట్టి మళ్లీ చూడండి. ఏ రెక్క ఎక్కడైనా ఆగేదాకా వదలొద్దు. ఈ ఓపికే తర్వాత మీ బేరింగులను కాపాడుతుంది.

6. గట్టి గాలిని వదిలేయండి

శక్తి అంతా గట్టి గాలిలోనే ఉంటే దాన్ని వదులుకోమనడం అన్యాయం అనిపిస్తుంది. సెకనుకు 15 మీటర్ల గాలిలో 6 మీటర్ల గాలికన్నా 15 రెట్లు శక్తి ఉంటుంది. మీ మోటారు చుట్టలు దాన్ని మోయలేవు, కాలిపోతాయి. రెండు మీటర్ల చక్రాన్ని ఆ గాలి 35 కిలోల బరువుతో వెనక్కి తోస్తుంది. ఏడాదిలో అలాంటి గంటలు కొన్నే. వాటి కోసం యంత్రాన్ని పణంగా పెట్టకండి.

స్కాట్లాండ్‌లో స్కొరాయిగ్ అనే ద్వీపకల్పంలో కరెంటు లైను లేనిచోట హ్యూ పిగ్గాట్ దశాబ్దాలుగా చేతితో గాలిమరలు కడుతూ, లోకమంతటా నేర్పుతూ వచ్చాడు. ఆయన వాడే పద్ధతి సులువు. చక్రాన్ని స్తంభం నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు జరిపి బిగిస్తారు. తోకను ఏటవాలు కీలు మీద నిలుపుతారు. మామూలు గాలిలో తోక తన బరువుతో తిన్నగా నిలిచి చక్రాన్ని గాలికి ఎదురుగా ఉంచుతుంది. గాలి ముదిరితే చక్రం పక్కకు తిరుగుతుంది, తోక మడుచుకుని పైకి లేస్తుంది. గాలి తగ్గగానే తోక తన బరువుకు తనే దిగుతుంది. స్ప్రింగు లేదు, కరెంటు పరికరం లేదు. ఈ కీలు లేకుండా ఏ గాలిమరనూ పైకెత్తకండి.

7. తిప్పడం కన్నా ముందు ఆపడం నేర్చుకోండి

రెక్కల కొసలు గాలికన్నా ఆరేడు రెట్ల వేగంతో పోతాయి. సెకనుకు 10 మీటర్ల గాలిలో ఆ కొస గంటకు 250 కిలోమీటర్ల దాకా వేగంతో ఉంటుంది. కింద పిల్లలు ఆడుకునేచోట అది విరగకూడదు.

శాశ్వత అయస్కాంతాల మోటారుకు బ్రేకు దానిలోనే ఉంది. కొట్టు ముందు చేసిన పరీక్ష గుర్తుంది కదా, వైర్లు ఒకదానికొకటి కలిపితే షాఫ్టు బరువెక్కుతుంది. స్తంభం కింద ఒక గట్టి స్విచ్చు పెట్టి వైర్లను అలా కలిపితే చక్రం మందగించి ఆగుతుంది. గాలి ముదరకముందే వేయండి. మూడు వైర్ల మోటారైతే మూడూ కలవాలి.

సౌర ఫలకాలకు వాడే చార్జ్ కంట్రోలరును దీనికి తగిలించకండి. బ్యాటరీ నిండగానే అది లైను తెంచేస్తుంది. ఫలకానికి దానితో ఏమీ కాదు. గాలిమరకు భారం పోయి రెక్కలు అదుపు తప్పుతాయి. బ్యాటరీ నిండాక మిగిలిన కరెంటును ఒక హీటరు తీగలోకి మళ్లించే కంట్రోలరు కావాలి. కష్టపడి తీసిన కరెంటును వేడి చేసి పారబోయడమేమిటని మనసొప్పదు. పారబోయండి, యంత్రం నిలుస్తుంది.

డీసీ మోటారైతే బ్యాటరీ దారిలో డయోడు తప్పనిసరి. లేకపోతే గాలి లేనప్పుడు బ్యాటరీయే మోటారును తిప్పుతూ ఖాళీ అవుతుంది. మూడు వైర్ల మోటారుకు ఆరు డయోడ్ల బ్రిడ్జి రెక్టిఫయరు పెట్టండి. వీటిలో దేన్నీ ఇంటి లైనుకు కలపవద్దు. కరెంటు పోయినప్పుడు మీ తీగలోంచి వెనక్కి పోయే కరెంటు స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

8. మోటారు కన్నా వైరుకు ఎక్కువ పెట్టండి

వంద వాట్లు 12 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లకు పైన. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో 30 మీటర్ల దూరం లాగితే, వెళ్లడం రావడం కలిపి 60 మీటర్లలో 6 వోల్టులు పోతాయి. తీసిన దానిలో సగం వైరు వేడికే ఖర్చన్నమాట. 10 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది ఒక వోల్టు లోపు. అంత కొనలేకపోతే మొదటినుంచీ 24 వోల్టుల బ్యాటరీ ఎంచుకోండి. వోల్టేజి రెట్టింపైతే అదే వైరులో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది.

9. కిందికి దించడానికే పైకెత్తండి

స్తంభాన్ని కాంక్రీటులో పాతి, నిచ్చెన వేసుకుని ఎక్కే ఏర్పాటు చేయకండి. అడుగున మడత కీలుతో, నాలుగు వైపులా స్టే వైర్లతో, అడ్డంగా ఒక ఎత్తుడు గొట్టంతో కట్టండి. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక చేతి వించి ఉంటే నేల మీద నిలబడే ఎత్తవచ్చు, దించవచ్చు. ఆషాఢం గాలులకు ముందు ఒకసారి, అవి తగ్గాక ఒకసారి దించి బోల్టులు బిగించండి, బేరింగులో గ్రీజు చూడండి, రెక్క ముందంచు అరిగితే సరిచేయండి. కోస్తాలో ఉంటే తుపాను హెచ్చరిక వినగానే దించేయండి.

10. కరెంటు బిల్లు కోసం కట్టకండి

మీ గాలిమర రోజంతా సగటున 40 వాట్లు ఇచ్చిందంటే గొప్పే. రోజుకు అది ఒక్క యూనిట్. డాబా మీద ఒక కిలోవాటు సౌర ఫలకాలు మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, వాటికి కేంద్రం సబ్సిడీ కూడా ఉంది. బిల్లే మీ బాధ అయితే ఫలకాలు పెట్టించుకోండి.

మలావీలో 2000ల మొదట్లో, కరువు వల్ల బడి మానిన విలియం కామ్‌క్వాంబా సైకిల్ డైనమో, ట్రాక్టరు ఫ్యాను, పీవీసీ గొట్టాలతో గాలిమర కట్టి తన ఇంట్లో దీపం వెలిగించాడు. ఆ ఇంటికి కరెంటు లేదు కాబట్టి ఆ ఒక్క దీపం విలువ వేరు. మనకు లైను ఇంటిదాకా వచ్చింది. మన కారణం వేరే ఉండాలి.

ఆ కారణాలు నా దృష్టిలో రెండు. మొదటిది, లైను వెళ్లని పొలం పాక. రుతుపవనాల నెలల్లో మబ్బు పట్టి ఫలకం నీరసించే వేళకే మెట్ట భూముల్లో గాలి పుంజుకుంటుంది. రెండూ ఒకే బ్యాటరీకి కడితే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రెండోది బడి. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ బడి పుస్తకంలో బొమ్మగా ఉంటుంది. పారేసిన వాషింగ్ మెషిన్ మోటారును పిల్లల చేతికిచ్చి వైర్లు కలిపి తిప్పించండి. షాఫ్టు వేళ్లకు ఎదురొచ్చిన క్షణాన ఆ పాఠం వాళ్లకు పట్టుబడుతుంది. గాలి వేగం ఘనం, వైరులో నష్టం, రెక్క బరువు, వీటన్నిటినీ పిల్లలే కొలిచి రాసి గోడకు అంటించే బడి ఒక్కో మండలానికి ఒకటి ఉన్నా, రేపు అనంతపురం కొండల మీది పెద్ద యంత్రాలను నడపడానికి, బాగుచేయడానికి, ఇంతకన్నా మంచివి చేయడానికి మనవాళ్లే ఉంటారు. మీ గాలిమర పూర్తయ్యాక గాలి లెక్కలు రాసిన ఆ నోటుపుస్తకం మీ ఊరి బడికి ఇవ్వండి, పక్కనుండి రెండోది వాళ్లతో కట్టించండి.